తుక్కుకు వేసే ముందు మూత తీసి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆఫీసుల్లో, బడుల్లో పాత కంప్యూటర్లు గుట్టలుగా పేరుకుపోయాయనీ, వాటిని ఎంత త్వరగా తుక్కుకు వేస్తే అంత మంచిదనీ మీ జిల్లా పేజీలో ఈ మధ్య రాశారు. చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కర్నూలు వన్‌టౌన్‌లో 1997 నుంచి కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఆ గుట్టల్లో నిజంగా చచ్చినవి ఉన్నాయి, కాదనను. కానీ చావకుండానే చచ్చాయనిపించుకున్నవి కూడా ఉన్నాయి. వాటిలో ఏ భాగమూ కాలలేదు, విరగలేదు. లోపలి రెండు కార్డులు ఒకే ఐఆర్‌క్యూ నంబరు, అంటే ప్రాసెసర్‌ను పిలిచే గంట నంబరు, కోసం కొట్లాడుకుంటున్నాయి, అంతే. జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ టోపీ ఒకటి మారిస్తే తీరిపోయే తగువుకు మొత్తం మిషన్‌నే పారేస్తున్నాం. ఈ తగువు వల్ల పత్తి రైతుకు నష్టం జరగబోయిన సంగతి నేను కళ్లారా చూశాను. అందుకే పత్తి సీజన్ మొదలయ్యేలోపు ఈ ఉత్తరం వేయమని వేడుకుంటున్నాను.

పోయిన ఏడాది నవంబరులో ఒకరోజు రాత్రి ఎనిమిదింటప్పుడు ఆదోని దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది కాటా దగ్గర కూర్చునే గుమస్తా. "అక్కా, కంప్యూటర్ చచ్చిపోయిందంట. బోర్డు పోయిందని ఇక్కడి మెకానిక్ చెప్పినాడు. బండ్లు గేటు దాటి రోడ్డు మీదికి నిలబడినాయి. చీటీలు చేత్తో రాసిస్తామంటే రైతులు ఒప్పుకోవడం ల్యా" అన్నాడు. ఎట్లా ఒప్పుకుంటారు? ఆర్నెల్లు చేలో పడిన కష్టమంతా ఆ చీటీ మీద పడే అంకెలోనే ఉంటుంది. తెల్లారి మొదటి బస్సుకు ఎమ్మిగనూరు మీదుగా బయలుదేరాను.

ఆ మిల్లులో మొదటి నుంచీ లారీల కోసం ఒక పెద్ద కాటా ఉంది. ట్రాక్టర్ల కోసం కొత్తగా చిన్న కాటా కట్టారు. రెండింటికీ కలిపి కంప్యూటర్ ఒకటే. పెంటియం 3 మిషన్, విండోస్ కంటే ముందునాటి డాస్‌లో నడిచే తూకం ప్రోగ్రాం. కాటా పక్కన ఎర్ర అంకెలు చూపించే ఇండికేటర్ ఉంటుంది కదా, దాని నుంచి సీరియల్ కేబుల్ ద్వారా బరువు కంప్యూటర్‌లోకి వస్తుంది. ఆ సీరియల్ పోర్టులను కామ్1, కామ్2 అని పిలుస్తారు. పెద్ద కాటా కామ్1 పోర్టుకు వస్తోంది. కామ్2కు మౌస్ తగిలించి ఉంది, ఎందుకంటే మౌస్ కోసం ఉన్న గుండ్రటి పోర్టు ఎప్పుడో పోయింది. చిన్న కాటాకు పోర్టు లేదని ఎవరో పాత సీరియల్ కార్డు ఒకటి తెచ్చి ఐఎస్‌ఏ స్లాటులో, అంటే పాతకాలం కార్డులు దిగే గాడిలో పెట్టి, కామ్3గా వాడుకోమని చెప్పి వెళ్లారు.

నేను వెళ్లేసరికి పెద్ద కాటా మీద బండి లేదు. చిన్న కాటా మీద ఒక ట్రాక్టర్ ఉంది. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు 5,140 చూపిస్తున్నాయి. లోపల తెర మీద 4,860 ఉంది. ఐదు నిమిషాలు చూశాను, ఆ 4,860 కదల్లేదు. అది అంతకు ముందు దిగిపోయిన ట్రాక్టర్ బరువు. గుమస్తా గమనించాడు కాబట్టి సరిపోయింది. గమనించకుండా మీట నొక్కి ఉంటే చీటీ మీద 280 కిలోలు తక్కువ పడేది. రెండు క్వింటాళ్ల ఎనభై కిలోల పత్తి అంటే రైతు ఇంట్లో ఎంతో మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. కాటాలో తప్పు లేదు, ఇండికేటర్‌లో తప్పు లేదు, తూనికల శాఖ ముద్ర కూడా సరిగ్గానే ఉంది. అంకె ఇండికేటర్ దగ్గర సరిగ్గా పుట్టి, తెరకు చేరేలోపు దారిలో ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే కొంచెం వివరంగా చెప్పాలి. ప్రాసెసర్‌ను ఆఫీసులో ఉన్న ఒకే ఒక గుమస్తా అనుకోండి. తలొంచుకుని తన లెక్కలు తాను చూసుకుంటూ ఉంటాడు. అతనితో పని పడినవాళ్లు గంట కొట్టాలి. ఆ గంటే ఇంటరప్ట్. ఎవరి గంట నంబరు వాళ్లకుంటుంది, అదే ఐఆర్‌క్యూ నంబరు. కీబోర్డుది 1, ఫ్లాపీది 6, ప్రింటర్‌ది 7, మొదటి హార్డ్ డిస్క్ వైపుది 14. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటర్‌లో ఎనిమిదేసి గంటలున్న చిప్‌లు రెండు పెట్టారు. రెండో చిప్‌ను మొదటిదానికి కలపడానికే 2 నంబరు ఖర్చయిపోయింది, మిగిలినవి 15. ఆ 15లో టైమర్, కీబోర్డు, గడియారం, డిస్కులు ముందే తమవి తీసేసుకుంటాయి. మనం కొత్తగా పెట్టే కార్డుకు దొరికేవి నాలుగైదు. అందులోనూ పొట్టి ఐఎస్‌ఏ కార్డుకు, అంటే 8 బిట్ల కార్డుకు, 7 దాటిన నంబర్ల తీగలే అందవు.

ఇక అసలు చిక్కు. కామ్1ది 4 నంబరు గంట, కామ్3ది కూడా 4 నంబరే. కామ్2, కామ్4 రెండింటికీ 3. మొదట్లో నాలుగు పోర్టులూ ఒకేసారి వాడేవాళ్లు తక్కువ కాబట్టి అలా సరిపెట్టారు. పాత ఐఎస్‌ఏ పద్ధతిలో గుమస్తా గంట మోగిన ఆ క్షణాన్నే గుర్తిస్తాడు. ఒకరు తాడు లాగి పట్టుకుని ఉండగా ఇంకొకరు అదే తాడు లాగితే కొత్త మోత రాదు, రెండో మనిషి వచ్చినట్టే తెలియదు. తర్వాత వచ్చిన పీసీఐ పద్ధతిలో గంట బదులు దీపం పెట్టినట్టు. పని జరిగేదాకా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకరి పని ముగించి తలెత్తితే దీపం ఇంకా వెలుగుతోంది కాబట్టి ఇంకొకరు ఉన్నారని అర్థమవుతుంది. అందుకే రెండు పీసీఐ కార్డులు ఒకే నంబరు మీద సర్దుకోగలవు. ఐఎస్‌ఏ కార్డు అలా సర్దుకోలేదు. దాని నంబరు దానికి విడిగా ఇవ్వాల్సిందే.

బోర్డు పోయిందన్న మాట నేను నమ్మలేదు. పోయిన బోర్డు ఒక పూట పనిచేసి ఇంకో పూట పనిచేయకుండా ఉండొచ్చు, నిజమే. కానీ ఇక్కడ ఒక పద్ధతి కనిపించింది. కొత్త కార్డు పీకేశాను, పెద్ద కాటా బరువులు చకచకా వచ్చాయి. కార్డు మళ్లీ పెట్టి, బయోస్‌లో, అంటే బోర్డులోనే ఉండే సెటప్ ప్రోగ్రాంలో, కామ్1ను ఆపేశాను. ఈసారి చిన్న కాటా బరువులు చకచకా వచ్చాయి. రెండూ ఉంచితే ఏదో ఒకటి నిలబడిపోయింది. విడివిడిగా బాగుండి కలిస్తే చెడిపోతే, అది చెడిపోయిన వస్తువు కాదు, నంబర్ల తగువు. ఈ ఒక్క పరీక్షకు పట్టింది పావుగంట. మెకానిక్ సోదరులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: కొత్త బోర్డుకు కొటేషన్ రాసే ముందు ఆ పావుగంట పెట్టండి.

క్యాబినెట్ మూత తీస్తే లోపల దూది పరుపులా పరుచుకుని ఉంది. జిన్నింగ్ మిల్లులో అంతే, ఫ్యాను దూదిని లోపలికి లాక్కుంటూనే ఉంటుంది. బ్రష్‌తో అంతా దులిపి, చేతిని ఇనుప చట్రానికి తాకించి, కార్డు బయటికి తీశాను. ఒక అంచున నాలుగు జతల సూదులున్నాయి. పక్కన తెల్ల సిరాతో 2, 3, 4, 5 అని అచ్చు వేసి ఉంది. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, నల్లటి ప్లాస్టిక్ టోపీ ఒకటి 4 మీద కూర్చుని ఉంది. దాన్నే జంపర్ అంటాం. లోపల చిన్న రేకు ఉంటుంది, రెండు సూదుల్నీ కలుపుతుంది. 3కు మార్చలేను, అక్కడ మౌస్ ఉంది. 2 జోలికి పోలేను, ఆ నంబరు చిప్‌ల మధ్య కలపడానికి పోయింది, ఆ తీగను లోపల 9కి తిప్పేస్తారు. 5 సాధారణంగా సౌండ్ కార్డుకో రెండో ప్రింటర్‌కో పోతుంది. ఈ మిషన్‌లో ఆ రెండూ లేవు. పట్టకారుతో టోపీని 4 మీంచి లేపి 5 మీద నొక్కాను.

అక్కడితో అయిపోతే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మర్నాడు మళ్లీ ఫోన్ వస్తుంది. జంపర్ ఉన్న పాత కార్డు తన నంబరు ఇదీ అని ఎవరికీ చెప్పదు. తనంతట తాను చెప్పుకునే ప్లగ్ అండ్ ప్లే పద్ధతి 1993లో వచ్చింది, 1995లో విండోస్ 95తో జనంలోకి వెళ్లింది. ఈ కార్డు ఆ పద్ధతి తెలిసినది కాదు. కాబట్టి 5 ఖాళీగా ఉందనుకుని బయోస్ దాన్ని నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చేయొచ్చు. మనమే బయోస్‌లోకి వెళ్లి, పీఎన్‌పీ (అంటే ప్లగ్ అండ్ ప్లే), పీసీఐ అని ఉన్న పేజీలో నంబర్ల పంపకాన్ని ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చి, 5కు ఎదురుగా లెగసీ ఐఎస్‌ఏ అని పెట్టాలి. అంటే ఈ నంబరు పాత కార్డుది, ఎవరికీ ఇవ్వొద్దు అని చెప్పడం. చివరికి తూకం ప్రోగ్రాం సెటప్‌లో కూడా చిన్న కాటాకు ఎదురుగా 4 తీసి 5 వేశాను. కామ్3 పోర్టు అడ్రసు 3ఈ8 అలాగే ఉంచాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పెద్ద కాటా మీద లారీ, చిన్న కాటా మీద ట్రాక్టర్ ఒకేసారి ఎక్కించాం. రెండు అంకెలూ తెర మీద కదిలాయి. బయట ఎర్ర అంకెలు చదవమని ఒక హమాలీని నిలబెట్టి, లోపల నేను తెర చదివాను. నలభై బండ్లకు అలా సరి చూశాకే అన్నం తిన్నాను. ఆ సీజన్ తూకాలన్నీ ఆ పాత మిషనే తూచింది.

ముందొచ్చిన మెకానిక్‌ను నేను తప్పు పట్టను. చిన్నవాడు. అతను పని నేర్చుకునే నాటికి జంపర్లు లేవు, ఐఎస్‌ఏ స్లాట్లు లేవు. ఇప్పటి మిషన్లలో ఇంటరప్ట్‌లు లెక్కలేనన్ని, కార్డు గంట తీగ లాగే బదులు సందేశమే పంపుతుంది. ఎవరూ నేర్పని సంగతి అతనికి ఎట్లా తెలుస్తుంది? మాకూ ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాం. నేను షాపు పెట్టిన కొత్తలో పెళ్లి పత్రికలు అచ్చు వేసే డీటీపీ సెంటర్లు ఊరంతా ఉండేవి. కుర్రాళ్లు పాటల కోసం సౌండ్ కార్డు పెట్టించుకునేవాళ్లు. దాన్ని 7 మీద వదిలేస్తే ప్రింటర్‌తో తగువు. పాట మోగుతుంటే ప్రింటర్ ఆగేది, ప్రింటర్ కదిలితే పాట ముక్కలయ్యేది. సౌండ్ కార్డును 5కు మార్చడం నేను చేత్తో నేర్చుకున్న మొదటి పని.

అలా పన్నెండేళ్లలో నేను చూసిన ప్రతి కార్డు గురించీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఏ జంపర్ ఎక్కడ పెడితే ఏ నంబరు, ఏ షాపులో ఏ మిషన్‌కు ఏమేం ఇచ్చాను, అన్నీ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా షాపులో నీళ్లు నా తల కంటే ఎత్తున నిలిచాయి. నీళ్లు తీశాక ఆ పుస్తకం బురద ముద్దగా దొరికింది. ఒక్కో కాగితం విడదీసి తీగ మీద ఆరేశాను, సిరా అంతా నీలం మరకై పోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆ రోజు నుంచి నేను పుస్తకంలో రాయడం మానేశాను. ఏ మిషన్ సంగతి ఆ మిషన్ మూత లోపలే కాగితం మీద రాసి, పైన ప్లాస్టిక్ టేపు వేసి అతికిస్తున్నాను.

ఆదోని మిల్లు మిషన్ మూతకు నేను అతికించిన కాగితం మీద ఉన్నది ఇంతే: "3 మౌస్. 4 పెద్ద కాటా. 5 చిన్న కాటా కార్డు, జంపర్ 5 మీద. 7 ప్రింటర్. 11 నెట్‌వర్క్ కార్డు, పై నుంచి రెండో స్లాటు, మార్చొద్దు. బయోస్‌లో 5 లెగసీ." కింద తేదీ.

సంక్రాంతి అయిపోయాక గుమస్తా మళ్లీ ఫోన్ చేశాడు. చిన్న కాటా బరువు మళ్లీ నిలబడిపోయిందట. అప్పుడు మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు, నేను కదల్లేని పరిస్థితి. చీటీ మీద తేదీ ఏం పడిందో చదవమన్నాను. "1998 అని ఉందక్కా" అన్నాడు. సంగతి అర్థమైపోయింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే, కరెంటు తీసినప్పుడల్లా బయోస్ మనం పెట్టినవన్నీ మరిచిపోతుంది. తేదీ పోయింది, దాంతోపాటు 5 పాత కార్డుదన్న మాట కూడా పోయింది. నవంబరులోనే ఆ సెల్లు మార్చి రావాల్సింది, మార్చకపోవడం నా తప్పే. గుమస్తా వాచీల షాపు నుంచి సెల్లు తెచ్చాడు. మిషన్ స్విచ్చాపి, ప్లగ్గు పీకి, మూత తీసి సెల్లు మార్చాడు. తర్వాత కాగితం చూసి ఒక్కో లైను నాకు చదువుతూ బయోస్‌లో తనే పెట్టాడు. ఇరవై ఐదు నిమిషాల్లో బరువులు వచ్చాయి. డిగ్రీ కూడా చదవని పిల్లాడు, బయోస్ పేజీ చూడటం అదే మొదటిసారి. ఆ కాగితం లేకపోతే నేను ఫోన్‌లో ఎంత మొత్తుకున్నా జరిగే పని కాదు.

నంద్యాల వైపు ఒక బడిలో కూడా ఇట్లాంటిదే జరిగింది. ల్యాబులో ఆరు మిషన్లు నెట్‌వర్క్ రావడం లేదని మూలన పడేశారు. అక్కడ జంపర్ల గొడవే లేదు. పీసీఐ కార్డులు కూడా డ్రైవర్ మొండిదైతే పంచుకోవు. నెట్‌వర్క్ కార్డును పక్క స్లాటులోకి మారిస్తే వేరే నంబరు వచ్చి ఆరింటిలో ఐదు లేచాయి. ఆరోదాని బోర్డు నిజంగానే పోయింది. దాన్ని పాత ఇనుము కొనేవాడికి అమ్మొద్దని చెప్పాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లింగ్ వాళ్లకు వెళ్లాలి. చచ్చినదాన్ని అలా పంపడానికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను.

కాటాలు నడిపేవాళ్లకు నా మనవి: మిషన్ పాతదైతే సీజన్‌కు ముందే మూత తీయించి దుమ్ము దులిపించండి, ఆ సెల్లు మార్పించండి, కాగితం అతికించమని మెకానిక్‌ను అడగండి. అతికించకపోతే డబ్బు ఇవ్వకండి. రైతులకు చెప్పేది: చీటీ తీసుకునే ముందు బయట ఎర్ర అంకెలు చూడండి. చీటీ మీద అంకె దానితో కలవకపోతే బండి దించకండి, మళ్లీ తూచమని అడగండి. గొడవ పడాల్సిన పని లేదు, అడగడం మీ హక్కు.

మా షాపులో పాత సీరియల్ కార్డులు, నెట్‌వర్క్ కార్డులు, సౌండ్ కార్డులు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఐఎస్‌ఏ స్లాట్లున్న మిషన్ కూడా ఒకటి నడుస్తూ ఉంది. పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు ఎవరైనా జంపర్ చేత్తో పట్టుకుని నేర్చుకోవాలనుకుంటే ఆదివారం ఉదయం పది గంటల తర్వాత రమ్మనండి. ఫీజు ఏమీ లేదు. వచ్చేటప్పుడు ఒక తెల్ల కాగితం, టేపు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్న మీ పాఠకురాలు,
కర్నూలు